ఆ లాన్ నీకెందుకురా?

ఒరేయ్ రవీ,

ఓర్లాండోలో నువ్వు చూసిన ఇంటి ముందు పెద్ద లాన్ ఉందనీ, దాని మెయింటెనెన్స్ తల్చుకుంటే టెన్షన్‌గా ఉందనీ రాశావు కదా. తీసేసి కూరగాయలు వెయ్యరా!

2014లో ఆ ఓర్లాండోలోనే, ఆడుబాన్ పార్క్ వైపు, ఫ్లీట్ ఫార్మింగ్ అని మొదలైంది. ఇంటివాళ్ళు ముందు జాగా ఇస్తే వాలంటీర్లు సైకిళ్ళ మీద గుంపుగా వచ్చి, గడ్డి తీసి, మళ్ళు చేసి, ఆకుకూరలు వేసి, వాళ్ళే కోసుకెళ్ళేవాళ్ళు, పంటలో కొంత ఇంటివాళ్ళకి, మిగతాది ఆ చుట్టుపక్కలే అమ్మకానికి. సెంటు భూమి లేనివాడు కూడా సాగు చెయ్యొచ్చు, నాకు అందులో నచ్చింది అదే. అమెరికా లాన్లన్నీ కలిపితే 1,63,000 చదరపు కిలోమీటర్ల పైమాటే అని 2005లో ఉపగ్రహ చిత్రాలతో అంచనా కట్టారు, అంటే మన ఆంధ్రప్రదేశ్ అంత! అంత నేలకి నీళ్ళు పోసి, మందులు కొట్టి, కోసి పారేయడమేంటో నాకు మింగుడుపడదు.

ఆ ఫ్లోరిడా రాష్ట్రంలోనే మయామీ షోర్స్ అనే ఊళ్ళో ఒక జంట 17 ఏళ్ళు ఇంటి ముందు కూరగాయలు పండించుకున్నారు. 2013లో ఊరి పాలకులు రూల్ మార్చి, తీయకపోతే రోజుకి 50 డాలర్ల జరిమానా అనేసరికి పాపం అన్నీ పీకేసుకున్నారు. కోర్టుల్లో ఓడిపోయినా వదల్లేదు వాళ్ళు. చివరికి రాష్ట్రమే చట్టం చేసింది, 2019 జులై నుంచి ఫ్లోరిడాలో ఏ ఊరూ, ఏ కౌంటీ ఇంటి కూరగాయల తోటని ఆపడానికి లేదు.

నేల మాత్రం ఒట్టి ఇసుక, కంపోస్ట్ బాగా పట్టించాలి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే గోడల పాత పెయింట్‌లోని సీసం మట్టిలో చేరి ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా ఏమీ నాటకు. లెట్యూస్, కేల్ లాంటివి చలికాలం పంటలు, ఎండలు ముదిరితే నిలవవు. అప్పుడే మనవి అందుకుంటాయి: బెండ, తోటకూర, బచ్చలి, గోంగూర, అలసంద. గోంగూర ఒక్కసారి వేశావంటే వీధి వీధంతా పంచుకోవచ్చు!

ఒక్క చిక్కుంది, ఆ చట్టం హెచ్‌ఓఏలకి, అంటే కాలనీల్లో ఇళ్ళవాళ్ళ సంఘాలకి, వర్తించదు. ముందు వాకిట్లో కూరగాయలు వద్దని వాళ్ళ రూల్స్‌లో ఉంటే చేసేదేమీ లేదు. అందుకే సంతకం పెట్టకముందే ఆ కాగితాలు నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం.

నీ
శీను