మానసిక వైద్యంలో నిపుణ నర్సుల బాధ్యతలపై బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

నమస్కారం. దేశంలోని వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. 2018 మేలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, జనాభాకు తగినంత మంది మానసిక ఆరోగ్య నిపుణులను పదేళ్లలోగా సమకూర్చేందుకు కృషి చేయాలని ప్రభుత్వాలను ఆదేశించింది. ఆ గడువు 2028లో ముగుస్తుంది. సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఎం.ఎస్సీ. చేసినవారిని బోధనకో, సాధారణ వార్డులకో పరిమితం చేస్తే నిపుణుల లోటు తీరదు.

రోగ నిర్ధారణను పూర్తిగా నర్సులకు అప్పగించమని నేను కోరడం లేదు. అది తొందరపాటే అవుతుంది. దిగులుతో వచ్చిన మనిషికి థైరాయిడ్ లోపం ఉందేమో చూడకుండా, గతంలో ఉన్మాద దశ వచ్చిందా అని ఇంటివారిని అడగకుండా కుంగుబాటు మందు మొదలుపెడితే, కుంగుబాటు, ఉన్మాదం మారిమారి వచ్చే బైపోలార్ రుగ్మత ఉన్నవారిలో అదే మందు ఉన్మాదాన్ని రేపవచ్చు. అయితే ఇవన్నీ ఓపికగా అడిగి, ఆత్మహత్య ముప్పును అంచనా వేసి, ప్రాథమిక నిర్ధారణను సైకియాట్రిస్టు ముందుంచే పని శిక్షణ పొందిన నర్సు చేయగలరు. బైపోలార్ రుగ్మతకు ఇచ్చే లిథియం వాడేవారికి రక్తంలో మందు స్థాయి, మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు, స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ వాడేవారికి తెల్లరక్తకణాల లెక్క క్రమం తప్పకుండా చూడటం ఈ నర్సులకు అప్పగించవచ్చు.

అందువల్ల జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో వారికి ప్రత్యేక హోదా కల్పించి, సైకియాట్రిస్టు పర్యవేక్షణలో ఏ మందులను కొనసాగించవచ్చో, ఎప్పుడు పై ఆసుపత్రికి పంపాలో లిఖిత మార్గదర్శకాలతో ఉత్తర్వులు జారీ చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సైకియాట్రిక్ నర్సు