గేటు అవతలి కస్టమర్లకి: గుడ్లు ఇకపై ఓ గంట ఆలస్యం

పెందుర్తి వైపు హోటళ్ళవాళ్ళకీ, బేకరీలవాళ్ళకీ నమస్కారం. రెండు నెలలుగా మీకొచ్చే ట్రేల్లో పగుళ్ళు ఎక్కువగా ఉంటున్నాయి. అడిగినవాళ్ళందరికీ “రైల్వే గేటండీ, ఏం చేస్తాం” అని తప్పించుకున్నాను. అది సగమే నిజం.

గేటుకి కాస్త ముందు రోడ్డు మీద బేసిన్ అంత గుంత ఉంది. వాన నీళ్ళు నిండితే కనపడదు. ట్రాలీ ఆటో చక్రం అందులో పడగానే అడుగు ట్రేల్లో ‘టిక్’మంటుంది. తాడు విప్పి చూస్తే సొన కారి అట్ట మెత్తబడిపోయి ఉంటుంది. బాక్సుకి 210 గుడ్లు. మొన్న శుక్రవారం ఒక్క ట్రిప్పులో 41 పోయాయి.

ఒళ్ళు మండి గేట్‌మన్‌నే నిలదీశాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, చేత్తో గాల్లో గీత గీశాడు. ఈ గేటు నుంచి ఆ గేటు దాకా రోడ్డు రైల్వే చూస్తుంది, గేటు బయట రోడ్డు ఎవరిదైతే వాళ్ళే చూసుకోవాలి. నా గుంత బయటుంది. పోనీ పట్టా పక్కన సందైనా సిమెంటుతో పూడ్చమన్నాను. నవ్వాడు. రైలు చక్రం అంచు నడిచేది ఆ సందులోనేనట! రోడ్డు చూసే ఆఫీసులో అర్జీ ఇచ్చాను. తీసుకున్నారు. గుంత అలాగే ఉంది.

ఇక మిగతా సగం. పోయిన వారం గేటు పడుతుండగా మా కుర్రాడు ఆటో దూర్చేశాడు. గేటు ఆటో వెనక కడ్డీకి తగిలి, విరగకుండా బతికిపోయింది. అక్కడ గేటుకీ సిగ్నల్‌కీ లంకె ఉంది. గేటు పూర్తిగా పడి లాక్ అయితేగానీ రైలుకి పచ్చ లైటు రాదు. విరిగి ఉంటే అటు రైలు ఆగేది, ఇటు మనమూ ఆగేవాళ్ళం. గేటు విరగ్గొడితే రైల్వే చట్టంలో అయిదేళ్ళ దాకా జైలు కూడా ఉంది. తిడదామని పిలిస్తే, “లేటైతే మీరు అరుస్తారు కదండీ” అన్నాడు. నోరు పెగల్లేదు. ఆరున్నర దాటితే వాడికి ఆగకుండా ఫోన్లు కొట్టేది నేనే. (మీరు నాకు కొడతారు, అది వేరే సంగతి.)

అందుకే సోమవారం నుంచి ఉదయం డెలివరీ ఏడున్నరకి. తెల్లవారకముందే పొయ్యి వెలిగించే హోటళ్ళకి ముందురోజు రాత్రి ఎనిమిదికల్లా దింపేస్తాం. బాక్సుల కింద మా ఇంట్లో పాత పరుపు కోసి వేశాం, మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. పగిలినవి ట్రేలోనే ఉంచండి, ఫోటోలు అక్కర్లేదు, మర్నాడు లెక్కపెట్టి బదులిస్తాం. ఈ రెండు నెలల బాకీ ఉన్నా మొహమాటపడకుండా చెప్పండి. ఆలస్యమైతే కుర్రాడికి కాకుండా నాకు ఫోన్ చెయ్యండి.

ఖాళీ ట్రేలు మాత్రం పారెయ్యకండి, నా దగ్గర అయిపోవస్తున్నాయి.