పశువు వేళ వేరు, సడలింపు వేళ వేరు

సంపాదకులు గారికి,

కరోనా లాక్‌డౌన్‌లో పశువైద్యశాలలకు మినహాయింపు ఉండేది. కాగితం మీద అవి తెరిచే ఉన్నాయి. కానీ 2021 మే 12 నుంచి తెలంగాణలో జనం బయట తిరగడానికి దొరికింది ఉదయం 6 నుంచి 10 వరకే. రైతు పాలు పోసి రావడం, సరుకులు తెచ్చుకోవడం, బర్రెను ఆసుపత్రికి తోలుకురావడం అన్నీ ఆ నాలుగు గంటల్లోనే. మళ్లీ మహమ్మారి వస్తే ఇదే పొరపాటు జరగొద్దని ఈ లేఖ.

ఎద సంగతే చూడండి. పొద్దున తీగ (ఎద జిగురు) వేసిన పశువుకు సాయంత్రం సూది (కృత్రిమ గర్భధారణ) పడాలి, సాయంత్రం వేస్తే మర్నాడు పొద్దున. ఎద 12 నుంచి 18 గంటలుంటుంది. అది అణిగాక మరో 10–14 గంటలకు గానీ అండం విడుదల కాదు. పొద్దున ఎదకొచ్చిన దానికి పదింటిలోపే సూది వేస్తే అండం వచ్చేసరికి వీర్యకణాల్లో సత్తువ ఉండదు. మర్నాటిదాకా ఆగితే అదను దాటవచ్చు. చూలు నిలవకపోతే ఇంకో 21 రోజుల మేత దండగ. పైగా ఎండాకాలం బర్రెల్లో మూగ ఎద ఎక్కువ, కనిపెట్టడమే కష్టం. అందుకే ఈ సూదులు వేసే గోపాలమిత్రలకు సాయంత్రం 4 నుంచి 7 దాకా ఊళ్లు తిరిగే పాసు ముందే రాసి ఉంచాలి.

వీర్యాన్ని గడ్డకట్టించి నిల్వ ఉంచే ద్రవ నత్రజని సరఫరాకూ ఇదే జాగ్రత్త కావాలి. మనుషుల ఆక్సిజన్ కోసం ట్యాంకర్లు, ప్లాంట్లు మళ్లితే ఎవరూ కాదనరు. అయితే కంటెయినర్‌లో మైనస్ 196 డిగ్రీల నత్రజని అడుగంటితే వీర్యం నింపిన సన్నటి నాళికలన్నీ చచ్చినట్టే. పైకి చూస్తే ఏ తేడా తెలియదు. అవే వేస్తూపోతే రెండు మూడు నెలల తర్వాత చూడి పరీక్షలో బయటపడుతుంది. వారానికి రెండుసార్లు పుల్ల దించి, దాని మీద పట్టిన మంచు గీతను కొలిచి రాసుకుంటే ఆ గండం తప్పుతుంది.

ఫోన్ వైద్యం పనికొస్తుంది, చూపించడం తెలిస్తే. పశువు ముఖం వీడియో తీసి పంపితే ఏమీ తేలదు. వెనుక నిలబడి రెండు డొక్కలూ కనపడేలా నిమిషం పాటు తీయాలి. ఎడమ డొక్క ఉబ్బిందా, ఊపిరి ఎన్నిసార్లు తీస్తోంది అన్నవి అందులోనే తెలుస్తాయి. జ్వరం ఎంతో థర్మామీటర్‌తో చూసి చెప్పాలి. ఆవుకు 101–102 ఫారెన్‌హీట్ మామూలే, మనిషి లెక్కన చూసి కంగారు పడొద్దు. ఈనడం కష్టం కావడం, కడుపు ఉబ్బరం, ఈనాక పడిపోయిన పశువు ఫోన్లో తేలే కేసులు కావు, 1962కి ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్స్ బండి వెళ్లాల్సిందే. పాలజ్వరంతో పడిపోయిన ఆవు గొంతులో బండి వచ్చేలోపు ఏ కషాయమూ పోయకూడదు. మింగలేదు కాబట్టి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక శానిటైజర్. కరోనా వైరస్‌కు కొవ్వు పొర ఉంది, ఆల్కహాల్ దాన్ని కరిగిస్తుంది. గాలికుంటు వైరస్‌కూ, కుక్కల పార్వోకూ ఆ పొర లేదు. చేతికి శానిటైజర్ రాసుకుని దొడ్డి నుంచి దొడ్డికి తిరిగితే గాలికుంటును మోసుకెళ్లినట్టే. దానికి 10 లీటర్ల నీళ్లలో 400 గ్రాముల చాకలి సోడా కలిపి చెప్పులు, తాళ్లు, ట్రెవిస్ (పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం) కడగాలి. బ్లీచింగ్ అయితే లీటరుకు 30 గ్రాములు. పేడ ముందు తీసేయాలి, లేదంటే మందంతా పేడకే ఖర్చవుతుంది. పది నిమిషాలాగి ఇనుప పైపులను మంచినీళ్లతో కడగకపోతే తుప్పు పడతాయి.

వానలకు ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు, గొర్రెలకు చిటుకరోగం టీకా ఆపే వీల్లేదు. ఊరి పశువులను ఒక్కచోటికి తోలడమే ఆపాలి. మంద మేతకు వదలకముందే, తెల్లవారుజామున దొడ్డి దగ్గరికే వెళ్లాలి. ఒకరు పట్టడం, ఒకరు వేయడం, ఒకరు దూరంగా నిలబడి రాయడం. 12 అంకెల చెవిపోగు ఫొటో తీస్తే చాలు, రిజిస్టర్ చేతులు మారుతూ వేలిముద్రలు ఎందుకు? ముద్దచర్మ వ్యాధిలాంటిది వచ్చినా పద్ధతి ఇదే, రోగపు పశువు ఆసుపత్రి ట్రెవిస్ ఎక్కకూడదు.

హనుమకొండలాంటి చోట కుక్కలను గేటు దగ్గరే సిబ్బందికి అప్పగించమంటే పట్టీలోంచి తల జార్చుకుని రోడ్డెక్కుతాయి. మూతిబుట్ట, మెడకు జారుముడి తాడు యజమానే బండి దిగకముందు వేయాలి. పిచ్చికుక్క కరిచిన కుక్కకు 0, 3, 7, 14, 28 రోజుల సూదులు ఏ లాక్‌డౌన్‌లోనూ వాయిదా పడకూడదు.

పశుసంవర్ధక శాఖ, మామునూరు పశువైద్య కళాశాల కలిసి ఇదంతా ఒక పేజీ ఉత్తర్వుగా రాసి ప్రతి మండల ఆసుపత్రి గోడకు అంటించాలని కోరుతున్నాం. అందులో మొదటి పంక్తి, పదింటి తర్వాత ఫోన్ ఎత్తేది ఎవరన్నది కావాలి.

– పశువైద్య సిబ్బంది,
నర్సంపేట, వరంగల్ జిల్లా