ఇటుక బట్టీ దగ్గరి రంది ఎవరికి చెప్పుకోవాలి?

ఎడిటర్ గారికి,

ఏటా అక్టోబర్ 10న మానసిక ఆరోగ్య దినం అని ర్యాలీ తీస్తారు, పేపర్లలో ఫొటో వస్తుంది, 'డిప్రెషన్‌ను దాచుకోవద్దు, బయటికి చెప్పుకోండి' అని కింద రాస్తారు. చెప్పుకున్నా ఒక్క ముక్క అర్థం కాని చోట ఏం చేయాలో మాత్రం ఎవరూ రాయడం లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

నేను పెద్దపల్లి జిల్లాలో ఒక పీహెచ్‌సీలో ఫార్మసిస్ట్‌గా చేసి రిటైరయ్యాను. ఇక్కడి ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుంచి, ఎక్కువగా బలంగీర్, నువాపాడా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. మన వినాయక చవితి తెల్లారి వాళ్లకు నువాఖాయి, కొత్త బియ్యం తినే పండుగ. అది అయ్యాక సర్దార్, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రీ, వచ్చి చేతిలో అడ్వాన్స్ పెడతాడు, కాంటాబాంజీలో రైలెక్కుతారు, మళ్లీ వానలు పడేదాకా ఇక్కడే.

ఒక ఏడు సంక్రాంతి తర్వాత, పాతికేళ్లు కూడా నిండని ఒకామె ఓపీకి వచ్చింది. వెంట బట్టీ గుమస్తా. ఏమైందమ్మా అని డాక్టరమ్మ అడిగితే చాలాసేపు చెప్పింది, చెప్తున్నంతసేపూ చెయ్యి ఛాతీ మీదే గుండ్రంగా తిప్పుకుంటూ ఉంది, ఒక్కసారి కూడా తల మీదికి పోలేదు. గుమస్తా 'తలనొప్పి మేడం, నిద్ర పడతలేదట' అన్నాడు. పారాసిటమాల్, బీ కాంప్లెక్స్ కవర్లో వేసి ఇచ్చింది నేనే. వారానికి మళ్లీ వచ్చింది, మళ్లీ అవే ఇచ్చాను. మూడోసారి గుమస్తాకు తీరిక లేనట్టుంది, ఏడెనిమిదేళ్ల కొడుకును తోలుకొచ్చింది. వాడికి నాలుగు తెలుగు మాటలు వచ్చు. కౌంటర్ అంచు పట్టుకొని మునివేళ్ల మీద నిలబడి, 'చెల్లె చచ్చిపోయింది, అమ్మకు రాత్రి ఏడుపు వినిపిస్తది' అన్నాడు. ఆ పసిది ఊర్లోనే, బయల్దేరడానికి నెల ముందు జ్వరంతో పోయిందట. అప్పటికే అడ్వాన్స్ వాడుకున్నారు, రాక తప్పలేదు.

గుమస్తాకు వాళ్ల భాష రాక కాదు, బాగానే వచ్చు. ఆమెకు మనసు బాగలేదని, ఇంటికి పోతానంటోందని చెప్తే అడ్వాన్స్ లెక్క పైకొస్తుందని అతని భయం అతనిది. ఓనర్ మనిషిని పక్కన పెట్టుకొని వైద్యం చేసిన తప్పు మాది. చెల్లి చావును ఆ పిల్లాడి నోటితో చెప్పించుకోవడం అంతకంటే పెద్ద తప్పు.

మన దగ్గర మాత్రం డిప్రెషన్ అని ఎవరొస్తారు? 'రంది పెట్టుకున్నది' అంటారు, కోస్తాలో బెంగ అంటారు, గుండె దడ, అరికాళ్ల మంటలు, ఒళ్లంతా బరువు అంటారు. మన మాటలు కాబట్టి డాక్టర్ ఎంతో కొంత పోల్చుకుంటారు. వాళ్లకూ అలాంటి మాటలుంటాయి కదా. ఆమె మొదటి రోజు అన్నవాటిలో 'నాయిఁ లాగ్‌బార్' అన్న ముక్క నా చెవిలో మిగిలిపోయింది. చాలా రోజుల తర్వాత ఒడియా టీచర్ ఒకాయన చెప్పాడు, మనసు బాగుండటం లేదని అనేటప్పుడు వాళ్లు అలా అంటారట. వాళ్లది పడమటి ఒడిశాలో మాట్లాడే సంబల్‌పురీ, కటక్ ఒడియా కూడా కాదు.

ఇక డిప్రెషన్ ఉందో లేదో చూడటానికి తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఉంటుంది. నిద్ర సరిగా పడుతోందా అని ఒక ప్రశ్న, పేపర్ చదివేటప్పుడు, టీవీ చూసేటప్పుడు ధ్యాస నిలుస్తోందా అని ఇంకొకటి. అర్ధరాత్రి లేచి ఇటుకలు కోసే మనిషిని నిద్ర గురించి ఏమని అడుగుతాం? ఆమె గుడిసెలో టీవీ ఎక్కడిది? కాగితం తప్పని అనను, ఉన్నదున్నట్టు చదివి టిక్కులు పెట్టుకునే మన పద్ధతే తప్పు. ఆమె ముంజేతికి ఊర్లో గునియా, అంటే మంత్రం వేసే వైద్యుడు, కట్టిన దారం ఉంటే మా వాళ్లలో ఒకాయన నవ్వాడు. ఆయన ఇంటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడుతూ ఉంటుంది లెండి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్‌లో కులం, మతం, సంస్కృతి, వర్గం తేడా లేకుండా అందరికీ వైద్యం అందాలని, అదీ రోగికి, ఇంటివాళ్లకు ఆమోదమయ్యే తీరులో ఉండాలని రాసి ఉంది. 2022 నుంచి మనసు బాగలేనివాళ్ల కోసం టెలీ మానస్ అనే సర్కారు ఫోన్ లైన్ ఉంది, 14416కు చేస్తే 20 భాషల్లో మాట్లాడొచ్చు, చాలా మంచి పని. కాని బట్టీ గుడిసెలో ఉన్న ఒక్క ఫోన్ మొగుడి జేబులోనో సర్దార్ దగ్గరో ఉంటుంది. 2015-16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు మానసిక ఆరోగ్యం మీద చేసిన జాతీయ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగితే అందులో తెలంగాణ లేదు, ఆంధ్ర లేదు, ఒడిశా కూడా లేదు. ఇక బట్టీల్లో ఎంతమందికి ఈ బాధ ఉందో ఎవరిని అడగాలి?

ఇది మనకు తెలియని బాధేం కాదు. మా మేనల్లుడు మస్కట్‌లో క్యాంపులో ఉన్నప్పుడు ఆరు నెలలు సరిగా తినలేదు, నిద్రపోలేదు. డాక్టర్‌కు చెప్పుకోలేకపోయావారా అంటే, 'సూపర్‌వైజర్ పక్కనే నిలబడితే ఏం చెప్పుకోవాలె మామా' అన్నాడు. మన పిల్లలకు తెలుగులో మాట్లాడే మనిషి కావాలని గల్ఫ్ గురించి ఎన్ని ఉత్తరాలు రాశామో, ఇక్కడ బట్టీ దగ్గర ఆ సూపర్‌వైజర్ మనమే అయ్యాం.

పిల్లల చదువు కోసం మన రాష్ట్రంలోనే బట్టీల దగ్గర ఒడియా చెప్పే టీచర్లను పెట్టారు. వైద్యానికి ఆ పని ఎందుకు కాదు? వాళ్లలోనే కాస్త తెలుగు వచ్చిన ఆడమనిషిని సీజన్‌కు జీతమిచ్చి పెట్టుకోవచ్చు. ఓపీ టైముకు పని వదిలి రాలేరు కాబట్టి, వారం ఖర్చులు తీసుకొని అంగడికి వచ్చే రోజున అక్కడే ఒక గది చూసుకొని కూర్చోవచ్చు, ఆ గదిలోంచే 14416 కలిపి ఫోన్ బాధలో ఉన్న మనిషి చేతికి ఇచ్చి తలుపు దగ్గరగా వేసి రావచ్చు. ఇంటికి పోతానంటే ఆ లెక్క లేబర్ ఆఫీసు చూసుకోవాలి, గుమస్తా కాదు.

చలికాలం రాగానే బట్టీలు మళ్లీ మొదలవుతాయి. జిల్లా వైద్యాధికారి గారు ఈ ఉత్తరం చూస్తే, ముందు ఆ గుమస్తాను బయట కూర్చోబెట్టమని పీహెచ్‌సీలకు ఒక్క ముక్క రాయండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

- ఒక రిటైర్డ్ ఫార్మసిస్ట్, పెద్దపల్లి జిల్లా