జున్నుతో పార్కుకు వెళ్లే ముందు

ప్రియమైన అమ్మలూ,

మొన్న ఫోనులో నువ్వు చాలా కోపంగా ఉన్నావు. మీ బెంగళూరు కబ్బన్ పార్కులో ఎవరో పెద్దాయన మన కుక్క జున్నును చూసి చేతికర్ర ఎత్తాడనీ, “ఏమీ చేయదండీ” అంటున్నా వినిపించుకోలేదనీ అన్నావు. మీ అమ్మ నిన్ను సమర్థిస్తుంటే అప్పటికి ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను: నేను ఆ పెద్దాయన పక్షం.

పశువుల ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్లూ చూశాను. ఎవరినో కరిచిన కుక్కను వెంటబెట్టుకొచ్చిన యజమానులు మొదట అనే మాట, “మాది ఎవరినీ ఏమీ అనదు డాక్టరుగారూ” అనే. వాళ్లది అబద్ధం కాదు. ఇంట్లోవాళ్లను అది నిజంగానే ఏమీ అనదు. తోక ఊపుతోంది కాబట్టి స్నేహమే అనుకుంటారు చాలామంది. తోకను పైకెత్తి, బిగబట్టి, చివర మాత్రమే ఆడిస్తుంటే అది స్నేహం కాదు.

సరే, మన జున్ను అలాంటిది కాదనే అనుకుందాం. ఆ సంగతి ఆయనకెలా తెలుస్తుంది? ఆ వయసువాళ్లలో చిన్నప్పుడు కుక్క కరిచి, బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్లు ఉన్నారు. ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికి పోయింది కానీ దాని భయం పోలేదు. పైగా జున్నుకు ఇంకా ఏడాది కూడా నిండలేదు. ఆ వయసు లాబ్రడార్ ముద్దు చేయడానికే మీదికి ఎగబాకినా డెబ్బై ఏళ్ల మనిషి వెల్లకిలా పడతాడు. తుంటి ఎముక విరిగితే “ఆడుకోవడానికే వచ్చిందండీ” అన్న మాట ఎందుకు పనికొస్తుంది?

కాబట్టి తాడు విప్పకు. నొక్కితే సాగే రీలు తాడు కాదు, అయిదారు అడుగుల మామూలు తాడు. ఎదురుగా పిల్లలో, ముసలివాళ్లో వస్తుంటే పక్కకు తప్పుకుని, జున్నును నీ కాలి దగ్గర కూర్చోబెట్టు. వాళ్లు అడిగితేనే దగ్గరికి రానివ్వు. చట్టం సంగతీ తెలుసుకో. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పొరపాటున గోరు గీరుకున్నా సరే, సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగించి, వాళ్లను నువ్వే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఎవరూ చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

ఇక రెండోది. గడ్డిలో జున్ను చేసిన దాన్ని తీయకపోతే ఏమైంది, పేడలాగే ఎరువవుతుంది కదా అన్నావు. పశువైద్యుడి కూతురివి అయ్యుండి! ఆవు గడ్డి తింటుంది. కుక్క కడుపులో ఉండే ఏలికపాములు వేరు, వాటి గుడ్లు మనుషులకూ చేటు చేస్తాయి. మలం పడ్డ రోజు కంటే రెండు మూడు వారాల తర్వాతే అసలు ప్రమాదం. అప్పటికి మలం కనబడదు, గుడ్లు మాత్రం మట్టిలో పక్వానికి వచ్చి నెలల తరబడి బతికుంటాయి. ఆ గడ్డిలో ఆడిన పిల్లవాడు చేతులు నోట్లో పెట్టుకుంటే కడుపులోకి పోతాయి. లోపల పొదిగిన పిల్లపురుగులు కాలేయానికో, కంటికో చేరతాయి. పాత న్యూస్‌పేపరు ముక్కలు రెండు జేబులో పెట్టుకో, ఎత్తి చెత్తబుట్టలో వెయ్యి. సంచిలో మూటకట్టి చెట్టు మొదట్లో వదిలి వెళ్లేవాళ్లను చూస్తే నాకు తీయనివాళ్ల మీద కంటే ఎక్కువ ఒళ్లు మండుతుంది. మూడు నెలలకోసారి నట్టల మందు మానకు.

జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు యజమానులను శుభ్రం చేయమని కోరాయి, కానీ అందుకు చట్టం లేనిచోట బలవంతం చేయలేరనీ చెప్పాయి. ఆ వెసులుబాటును వాడుకున్నవాళ్ల వల్లే 2022లో మీ పార్కుకు ఆ గొడవ వచ్చింది. తాళ్లు విప్పి వదులుతున్నారనీ, మలం తీయడం లేదనీ ఫిర్యాదులు ముదిరి, జూలై నుంచి పెంపుడు కుక్కలను రానివ్వబోమని ఉద్యానశాఖ ప్రకటించింది. యజమానులు గట్టిగా అభ్యంతరం చెప్పాక వెనక్కి తగ్గింది. ఈసారి అలాంటి ప్రకటన వస్తే, కర్ర ఎత్తిన ఆ పెద్దాయన ఎటు సంతకం పెడతాడో నువ్వే ఆలోచించుకో. కనబడితే క్షమించమని అడుగు, జున్ను తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని మరీ.

జున్నుకు రేబిస్ బూస్టరు ఎప్పుడో టీకా కార్డు ఫోటో తీసి పంపు, చూసి చెబుతాను. అమ్మ కందిపొడి, గోంగూర పచ్చడి బస్సులో పంపిస్తోంది. జున్ను ఎంత ఆశగా చూసినా ఆ రెండూ పెట్టకు, వాటిలో వెల్లుల్లి ఉంది. కుక్కలకు అది విషం.

ఆశీస్సులతో,
నాన్న