ఖీమా బన్నుకు ముందు నీళ్లు ఇంకాలి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం వంటల పేజీలో అమెరికా వాళ్ల 'స్లాపీ జో'ను, అంటే తీపి పులుపు టమాటా సాస్‌లో వండిన ఖీమాను బన్నులో పెట్టుకొని తినే వంటను, మన ఇళ్లకు తగ్గట్టు మార్చి ఖీమా బన్నుగా అచ్చువేశారు. ఇంటిల్లిపాదీ కలిసి తినే రాత్రి భోజనానికి ఇది మంచి వంట. అన్నం, పప్పు, కూర అన్నీ వండే ఓపిక లేని రోజున ఒక్క మూకుడుతో గంటంబావులో పని తెమిలిపోతుంది. అయితే మీ పేజీలో చెప్పిన పద్ధతిలో చేస్తే బన్ను అడుగు నాని, నోటిదాకా రాకముందే ఊడిపోతుంది. ఖీమా, ఉల్లిగడ్డలు, టమాటాలు, సీసా సాస్ అన్నీ ఒకేసారి కుక్కర్‌లో వేసి ఐదు విజిల్స్ రానివ్వమన్నారు. అలా చేస్తే ఖీమా పులుసు వస్తుంది. అన్నంలో కలుపుకోవచ్చేమో కానీ బన్నులో నిలవదు. అందుకే ఈ ఉత్తరం.

కొవ్వులేని పచ్చి మాంసంలో దాదాపు ముప్పావు వంతు నీళ్లే. ఖీమా కొట్టించినప్పుడు పోగులు తెగిపోతాయి కాబట్టి వేడి తగలగానే ఆ నీళ్లు ముక్క కూరలో కంటే తొందరగా బయటికొస్తాయి. మూత బిగించిన కుక్కర్‌లో అవి ఎటూ పోవు. టమాటా నీళ్లు, ఉల్లిగడ్డ నీళ్లు దానికి తోడు. నీళ్లున్నంత సేపూ వేడి మామూలు గిన్నెలో నూరు డిగ్రీల దగ్గరే, కుక్కర్‌లో నూట ఇరవై దగ్గర ఆగుతుంది. మాంసం ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలంటే దాని పైభాగం నూట నలభై డిగ్రీలు దాటాలి. ఈ వంట రుచంతా ఆ వేపుడులోనే ఉంది. దాన్ని వదిలేసి తర్వాత ఎన్ని మసాలాలు వేసినా ఆ లోటు తీరదు.

ముందు మాంసం సంగతి. అమెరికాలో దీన్ని ఆవు మాంసంతో చేస్తారు. మన తెలంగాణ రాష్ట్రంలో 1977 నాటి చట్టం ప్రకారం గోవధ నిషేధం. పెద్దకూర దుకాణాల్లో మనం అడగాల్సింది బర్రె, దున్న మాంసం. మీ పేజీలో ఏ మాంసమో రాయకుండా 'ఖీమా' అని వదిలేశారు. ఆ తేడా చిన్నది కాదు. బర్రె మాంసంలో కొవ్వు తక్కువ, పోగు ముతక, జంతువు తరచూ వయసు మీరినది. కాబట్టి అక్కడి వంటల్లో రాసే పదిహేను నిమిషాల ఉడుకు సరిపోదు, కొవ్వు కూడా విడిగా కలపాలి. 650 గ్రాముల కొవ్వులేని మాంసానికి 100 గ్రాముల చర్బీ వేసి మిషన్‌లో కొట్టించండి. మెత్తగా కావాలంటే రెండుసార్లు తిప్పమనండి. చర్బీ ఇష్టం లేనివాళ్లు వండేటప్పుడు మరో రెండు పెద్ద చెంచాల నూనె పోసుకోవచ్చు. బర్రె కొవ్వు చల్లారితే తొందరగా పేరుకొని అంగిలికి అంటుతుంది కాబట్టి చర్బీ వేసిన ఖీమాను వేడిగానే తినాలి. యాటకూర ఖీమాతోనూ ఇదే క్రమం, ఉడికే సమయం కొంత తగ్గుతుంది. కోడి ఖీమా మాత్రం ఈ సాస్‌కు ఆనదు, మా సలహా అడిగితే వద్దంటాం.

ఖీమాను ఇంటికి తెచ్చాక కడగడం మన దగ్గర చాలామందికి అలవాటు. జల్లెడలో వేసి మూడు నీళ్లు పోస్తే రసమంతా పోతుంది, మిగిలిన పొడి నీళ్లు పట్టుకొని కూర్చుంటుంది. ఆ తడి ఖీమా ఎంత మంట పెట్టినా వేగదు. కడగాలనుకుంటే కొట్టించక ముందే కండను కడిగించి, గుడ్డతో తడి ఒత్తించి, ఆ తర్వాత మిషన్‌లో వేయించండి. మిషన్ ముందు కడిగి ఉందో లేదో చూసుకోవడం కూడా అవసరమే. కండ పైన ఉన్న సూక్ష్మజీవులు ఖీమా కొట్టగానే లోపలంతా కలిసిపోతాయి. అందుకే ఖీమాను లోపల సగం పచ్చిగా ఉంచకూడదు, అంతటా 71 డిగ్రీలు దాటాలి. రంగు మారింది కదా అని దించేయవద్దు. పచ్చి ఖీమా ఫ్రిజ్‌లో ఒకటి, రెండు రోజులకు మించి ఉంచకూడదు.

ఐదుగురికి, తలా రెండు బన్నుల చొప్పున, కొలతలు ఇవి. చర్బీతో కలిపి ఖీమా 750 గ్రాములు. నూనె రెండు పెద్ద చెంచాలు. ఉల్లిగడ్డలు 200 గ్రాములు, క్యాప్సికమ్ 100 గ్రాములు, రెండూ సన్నగా తరిగి. ఎల్లిగడ్డ రెబ్బలు ఎనిమిది. బాగా పండిన టమాటాలు 400 గ్రాములు, మిక్సీలో తిప్పినవి. టమాటా కెచప్ నాలుగు పెద్ద చెంచాలు. చిక్కటి చింతపండు గుజ్జు ఒక పెద్ద చెంచా, తురిమిన బెల్లం ఒక పెద్ద చెంచా, ఆవపిండి అర చిన్న చెంచా, మిరియాల పొడి అర చిన్న చెంచా, ఉప్పు ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టి చివర్లో చూసుకోవాలి. ఎండు చపాటా మిర్చి ఆరేడు కాయలు. పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లు, చిన్న చెంచా 5. మీ పేజీలో కప్పులు, గ్లాసులు రాస్తున్నారు. అమెరికా కప్పు 240 మిల్లీలీటర్లు. మన ఇళ్లలో ఏ రెండు గ్లాసులూ ఒక్క కొలత ఉండవు.

చపాటా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడి వంటలో సాస్ ఎర్రగా ఉంటుంది, కారం ఉండదు. మన కారంపొడితో ఆ రంగు తెప్పించాలంటే పిల్లలు తినలేనంత వేయాలి. గుండ్రంగా టమాటాలా ఉండే వరంగల్ చపాటాకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మిర్చికి పేరున్న ఏనుమాముల మార్కెట్ ఊళ్లోనే ఉండగా సాస్‌కు సీసా రంగులు ఎందుకు? కాయల తొడిమలు, గింజలు తీసి అరగంట వేడినీళ్లలో నానబెట్టి మెత్తగా రుబ్బుకోవాలి. తోలు మందం కాబట్టి నానకుండా మిక్సీ తిప్పితే పలుకులు పలుకులుగా పళ్లకు తగులుతుంది. కారం కావాలనుకున్న వాళ్లకు మామూలు కారంపొడి అర చెంచా చాలు.

చింతపండు, బెల్లం చూసి ఇది మన పులుసు కదా అనుకునేవాళ్లు ఉంటారు. అమెరికా వాళ్లు ఇందులో వేసే వూస్టర్ సాస్‌లో పులుపు సిర్కాతో పాటు చింతపండుదే. తీపికి వాళ్లు వేసే గోధుమరంగు చక్కెరలో ఉండేది బెల్లంలో ఉండే మడ్డి రుచే. కాబట్టి ఆ సీసా కోసం దుకాణాలన్నీ తిరగనక్కర్లేదు. ఆవపిండిని మాత్రం చల్లటి నీళ్లతో కలిపి పది నిమిషాలు పక్కన పెట్టండి, ఘాటు అప్పుడే పుడుతుంది. వేడినీళ్లు పోస్తే ఘాటు రాకుండా చేదు మిగులుతుంది. దాన్ని సరిగ్గా పొయ్యి మీంచి దించబోయే ముందు కలపాలి, మరిగితే ఆ ఘాటు ఎగిరిపోతుంది.

వండే క్రమానికి వస్తే, వెడల్పాటి మందపాటి మూకుడు తీసుకోండి. ఇనుపదైతే మరీ మంచిది. పెద్ద మంట మీద బాగా కాగాక నూనె పోసి, ఖీమాలో సగం మాత్రమే పలుచగా పరవండి. మూడు, నాలుగు నిమిషాలు కదపకండి. మొత్తం ఒకేసారి వేస్తే మూకుడు వేడి పడిపోయి నీళ్లలో ఉడకడం మొదలవుతుంది. అడుగు ఎర్రబడ్డాక తిరగేసి, పప్పుగుత్తితో ఉండలు చితపండి. ఈ పనికి గంటె కంటే పప్పుగుత్తి మేలు. బన్నులో ఉండేది సన్నటి పొడిలా ఉంటేనే సాస్ పట్టి నిలుస్తుంది, పెద్ద ఉండలుంటే కొరికిన చోటల్లా జారిపోతాయి. ఈ దశలో ఉప్పు వేయకూడదు. పచ్చి ఖీమాకు ఉప్పు పట్టించి పిసికితే అది ఒకదానికొకటి అంటుకొని కబాబు ముద్దలా బిగుసుకుంటుంది, తర్వాత విడిపోదు.

నీళ్లు ఊరతాయి. కంగారు పడి మూత పెట్టకండి, మంట తగ్గించకండి. ముందు కుతకుత ఉడికే చప్పుడు వస్తుంది. నీళ్లు ఇంకిపోగానే ఆ చప్పుడు చిటపటగా మారుతుంది. అక్కడినుంచి ఇంకో మూడు నిమిషాలు వేపితే సరైన రంగు వస్తుంది. మొదటి సగాన్ని పక్కకు తీసి రెండోదీ అలాగే చేయాలి. మూకుడు అడుగున అంటుకున్న గోధుమరంగు పొరను కడిగేయొద్దు, తర్వాత ఉల్లిగడ్డ తడికి అదే వదిలి సాస్‌లో కలుస్తుంది. అది నల్లగా మాడితే మాత్రం చేదు, తీసేయాలి. కొవ్వు తేలితే రెండు చెంచాలు ఉంచి మిగతాది వంపేయండి.

అదే కొవ్వులో ఉల్లిగడ్డ, క్యాప్సికమ్ మధ్యస్థ మంట మీద ఎనిమిది నిమిషాలు మెత్తబడనివ్వాలి. టమాటా ముందే పోస్తే ఆ పులుపుకు ఉల్లిగడ్డ ముక్క బిర్రుగానే ఉండిపోతుంది, గంట ఉడికించినా కరగదు. మెత్తబడ్డాక ఎల్లిగడ్డ, చపాటా ముద్ద వేసి సన్నమంట మీద రెండు నిమిషాలు తిప్పండి. మిర్చి రంగు నూనెలోనే కరుగుతుంది, నీళ్లలో కాదు. నూనె ఎర్రగా తేలాక వేపిన ఖీమా, 360 మిల్లీలీటర్ల వేడినీళ్లు, ఉప్పు వేసి మూతపెట్టి సన్నమంట మీద 30 నిమిషాలు ఉంచండి. ముదురు మాంసమైతే 40 పడుతుంది. కుక్కర్ వాడాలనుకుంటే వాడాల్సింది ఇక్కడే. వేపిన తర్వాత, 180 మిల్లీలీటర్ల నీళ్లతో, మూడు విజిల్స్. తర్వాత మళ్లీ మూకుడులోకి. చిటికెడు ఖీమా నోట్లో వేసుకొని చూడండి, రబ్బరులా సాగితే ఇంకా ఉడకాలి.

మెత్తబడ్డాక టమాటా రసం, చింతపండు, బెల్లం వేసి మూత లేకుండా పది, పన్నెండు నిమిషాలు మరగనివ్వాలి. కెచప్ చివరి ఐదు నిమిషాల్లోనే. అందులో చక్కెర ఎక్కువ కాబట్టి ముందే వేస్తే అడుగంటుతుంది. మీరు టమాటా సాస్ రెండు కప్పులు వేయమన్నారు. అక్కడి డబ్బాలో వచ్చేది తీపి లేకుండా వండిన టమాటా గుజ్జు. మన దుకాణాల్లో సాస్ సీసా అంటే కెచప్. రెండు కప్పుల కెచప్ పోస్తే అది జామ్ అవుతుంది. ఈ వంటకే కలిపి పెట్టిన డబ్బా సాస్ కూడా అక్కడ 1969 నుంచి ఉంది, 'మ్యాన్‌విచ్' పేరుతో. అందుకే అక్కడి వంటల్లో ఒక డబ్బా పొయ్యండి అని రాసి ఊరుకుంటారు. దాన్ని యథాతథంగా మన కొలతల్లోకి దించితే కుదరదు.

చిక్కదనం తెలుసుకోవడానికి గంటెతో మూకుడు అడుగున గీత గీయండి. రెండు, మూడు సెకన్లు అడుగు కనిపించి నెమ్మదిగా మూసుకుంటే సరిగ్గా ఉంది. ఇంకో పరీక్ష: చెంచాడు ఖీమా పళ్లెంలో కుప్ప పెట్టి నిమిషం ఆగండి. చుట్టూ నీళ్ల వలయం ఏర్పడితే బన్నులో పెట్టేందుకు ఇంకా పనికిరాదు. అప్పుడు కార్న్‌ఫ్లోర్ కలపాలనిపిస్తుంది, వద్దు. వేడిగా ఉన్నప్పుడు బాగానే ఉండి, చల్లారే కొద్దీ జిగురుగా మారి మాంసం రుచిని కప్పేస్తుంది. ఇంకో ఐదు నిమిషాలు మరిగించడమే సరైన మందు. అంత సమయం కూడా లేకపోతే ఒక బన్నును పొడిచేసి కలపండి. మరీ గట్టిపడితే రెండు చెంచాల వేడినీళ్లు. పులుపు ఎక్కువైతే చిటికెడు బెల్లం, అంతేగానీ తినేసోడా కాదు, సబ్బు వాసన వస్తుంది. గరం మసాలా, ధనియాల పొడి వేస్తే మన ఖీమా కూర అవుతుంది. అదీ బాగుంటుంది, కానీ ఆ తీపి పులుపు సాస్‌కు లవంగం, దాల్చినచెక్క పొసగవని మా అభిప్రాయం.

బన్ను విషయంలో బేకరీకి వెళ్లి టూటీఫ్రూటీ లేని చప్పటి బన్ను అడగండి. తీపి బన్నే దొరికితే సాస్‌లో బెల్లం సగానికి తగ్గించండి. అప్పుడే పొయ్యిలోంచి తీసిన మెత్తటి బన్ను కంటే నిన్నటిది మేలు, తడిని తట్టుకుంటుంది. అడ్డంగా రెండుగా కోసి, కోసిన వైపు వెన్న రాసి, సన్నమంట మీద పెనంపై రెండు నిమిషాలు ఆ వైపే కాల్చాలి. ఆ ఎండిన పొర, దాని మీది వెన్న కలిసి సాస్‌ను కాసేపు ఆపుతాయి. బన్నుకు 80 నుంచి 90 గ్రాముల ఖీమా చాలు. అంతకు మించి కుక్కితే పక్కలనుంచి కారుతుంది. అందరూ కూర్చున్నాకే నింపండి, ముందే నింపి పేర్చి పెడితే పది నిమిషాల్లో కింది ముక్క ముద్దవుతుంది. పక్కన నిమ్మకాయ పిండిన పచ్చి ఉల్లిగడ్డ, కీరదోస పెడితే కొవ్వు వెగటు తెలియదు. పిల్లలకు బన్ను నింపి ఇవ్వడం కంటే పళ్లెంలో విప్పి పెట్టి చెంచా ఇవ్వడం నయం.

మిగిలిన ఖీమాను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మన మే నెల ఎండల్లో గంటకు మించి బయట ఉంచకండి. లోతు గిన్నెలో పెడితే మధ్యలో వేడి చాలాసేపు నిలిచి పాడవుతుంది, వెడల్పు డబ్బాలో పలుచగా పరిచి పెట్టండి. మూడు రోజుల్లో తినేయాలి. వేడిచేసేటప్పుడు చెంచాడు నీళ్లు చల్లి, అంతటా ఆవిరి పొగలు వచ్చేదాకా కలుపుతూ కాచాలి. మర్నాడు బన్నులు లేకపోతే జొన్నరొట్టెలోకి పెట్టుకోవచ్చు. రొట్టె బన్నంతగా తడి పీల్చదు కాబట్టి సాస్‌ను ఇంకాస్త పలుచగా ఉంచినా పర్వాలేదు.

ఇట్లు,
పెళ్లిళ్లకు, విందులకు వండే కొందరు పాఠకులు,
హన్మకొండ