పిల్లల ఐసీయూలో అమ్మకు ఒక కుర్చీ వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఆరేళ్ల మా పాప న్యుమోనియాతో 11 రోజులు వెంటిలేటర్ మీద ఉంది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చూడనిచ్చేవారు. మిగతా సమయమంతా తలుపు బయటే. వెంటిలేటర్ పంపే గాలిలో ఆక్సిజన్‌ను 60 శాతం నుంచి 50కి తగ్గించామని డాక్టరు గారు చెప్పినరోజు ప్రాణం లేచి వచ్చింది. మనం పీల్చే గాలిలో ఉండేది 21 శాతమే కదా, ఇంకెంత దిగాలో వేళ్లమీద లెక్కపెట్టుకున్నాను. మర్నాడు కఫం అడ్డుపడి మళ్లీ 60కి పెంచారు. ఇలా తగ్గుతూ పెరుగుతూ ఉండడం మామూలేనని ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి అంతగా కుంగిపోయేదాన్ని కాదు.

తొమ్మిదో రోజున మత్తుమందు తగ్గించారు. మెలకువ వస్తూనే పాప బెదిరిపోయింది. గొంతులో గొట్టం, మాట రాదు, గొట్టం లాగేసుకోకుండా రెండు చేతులూ కట్టి ఉన్నాయి. గుండె వేగం 160 దాటింది. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు బయటికి వచ్చి నన్ను పిలిచారు. చేతులు కడిగించి, గౌను తొడిగించి మంచం పక్కన కూర్చోబెట్టారు. పాప అరచేతిలో నా చూపుడువేలు పెట్టి, నిద్రపుచ్చేటప్పుడు పిలిచే ముద్దుపేరుతో పిలుస్తూ ఉన్నాను. మానిటర్ మీద అంకె 150కి, 138కి, 124కి దిగింది. ఎప్పటికో నా వేలి చుట్టూ పట్టు కాస్త బిగిసింది. అన్ని రోజుల్లో పాప తనంతట తాను చేసిన మొదటి పని అది. ఆ నర్సుకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

గొట్టం తీశాక గొంతు బొంగురుపోయింది. రోజుల తరబడి ఇచ్చిన మత్తుమందు తగ్గిస్తుంటే వణుకు, చెమటలు. రెండు రాత్రులు నన్ను గుర్తుపట్టలేదు, గోడ మీద పురుగులున్నాయని ఏడ్చింది. దీన్ని డెలీరియం అంటారట. తెలిసిన గొంతు వినిపించడం, ఇష్టమైన బొమ్మ దగ్గర పెట్టడం, రాత్రి దీపాలు తగ్గించడం మేలు చేస్తాయని డాక్టర్లే చెప్పారు. అలాంటప్పుడు ఆ గొంతును తలుపు బయట ఎందుకు ఉంచాలి?

ఇన్ఫెక్షన్ భయం నిజమే, కాదనను. చేతులు కడుక్కోవడం నేర్పితే ఏ తల్లయినా, తండ్రయినా నేర్చుకుంటారు. బంధువులంతా అక్కర్లేదు, ఒక్క మనిషి చాలు. రోజంతా కుదరకపోతే, మత్తు తగ్గించే పూట, గొట్టం తీశాక వచ్చే మొదటి రాత్రులు, కనీసం అప్పుడైనా పక్కన ఉండనివ్వమని పిల్లల ఆసుపత్రులు నడిపేవారిని వేడుకుంటున్నాను.

— ఒక తల్లి